ఏకాంత ప్రార్థన రోజూ సాగాలంటే

మన సంఘాల్లో ప్రార్థనకు కొదవ లేదు. వారంలో ఒక రోజు ఉపవాస ప్రార్థన, నెలకోసారి రాత్రంతా ప్రార్థన, ఎవరింట్లో పుట్టినరోజైనా గృహప్రవేశమైనా ఒక కూడిక. అక్కడ అందరం గొంతు కలుపుతాం, కళ్ళలో నీళ్ళు కూడా తిరుగుతాయి. అదే మామూలు మంగళవారం ఉదయం ఇంట్లో ఒక్కరమే కూర్చుంటే పాట లేదు, కీబోర్డు లేదు, పక్కన 'ఆమేన్' అనేవాళ్ళు లేరు, నాలుగు మాటలయ్యేసరికి ఇంకేం చెప్పాలో తోచదు. డిసెంబర్ 31 రాత్రి ఆరాధనలో వాగ్దానం కార్డు తీసుకుని, ఈ ఏడాది రోజూ ప్రార్థన చేసుకుంటానని మనసులో గట్టిగా అనుకున్నవాళ్ళలో చాలామందికి సంక్రాంతి సెలవులు అయ్యేలోపే అది జారిపోతుంది.

భక్తి తక్కువై ఇలా జరుగుతుందని నేను అనుకోను. రోజువారీ ప్రార్థనకు ఒక వేళ, ఒక చోటు, ముందే సిద్ధంగా ఉన్న కొన్ని మాటలు కావాలి. ఈ మూడూ లేకుండా 'మనసు కదిలినప్పుడు చేద్దాం' అని వదిలేస్తే మనసు కదిలే రోజులు నెలలో రెండో మూడో వస్తాయి, అంతే. ఈ మూడూ కుదిరితే మనసు మొద్దుబారిన రోజున కూడా ప్రార్థన ఆగదు. కాబట్టి ముందు వీటి సంగతి చూడండి, ఆసక్తి తర్వాత దానంతటదే వస్తుంది.

ముందు వేళ. దానియేలు గ్రంథం ఆరో అధ్యాయంలో, రాజుకు తప్ప ఇంకెవరికీ మనవి చేయకూడదని శాసనం వచ్చాక దానియేలు ఏం చేశాడో చూడండి. ఇంటికి వెళ్ళాడు, యెరూషలేము వైపు కిటికీలు తెరిచి ఉన్న పైగదిలో, ఎప్పటిలాగే రోజుకు మూడుసార్లు మోకరించాడు. ఆపద వచ్చిందని కొత్తగా మొదలుపెట్టింది కాదది, ఎప్పటినుంచో ఉన్న అలవాటు. 55వ కీర్తనలోనూ సాయంకాలం, ఉదయం, మధ్యాహ్నం అని ఉంది. అపొస్తలుల కార్యాల్లో పేతురు, యోహాను పగలు మూడు గంటల ప్రార్థనవేళకు దేవాలయానికి వెళ్తుంటారు, మరోచోట పేతురు పన్నెండు గంటలప్పుడు మిద్దె ఎక్కి ప్రార్థన చేస్తుంటాడు. తొలి సంఘపు కాలం నాటి 'దిదాకే' అనే చిన్న బోధనా పుస్తకం కూడా ప్రభువు నేర్పిన ప్రార్థనను రోజుకు మూడుసార్లు చెప్పుకోమంటుంది. వేళ పెట్టుకోవడం అంటే ఆత్మను కట్టడి చేయడం అనుకునేవాళ్ళు ఈ వచనాలు ఒకసారి తీసి చదవాలి.

అయితే ఆ వేళ తెల్లవారుజామున నాలుగే కానక్కర్లేదు. యేసు ఇంకా చీకటి ఉండగానే లేచి అరణ్య ప్రదేశానికి వెళ్ళి ప్రార్థించాడని మార్కు రాశాడు, నిజమే, పెందలకడ లేవగలిగినవాళ్ళకు అంతకంటే మంచి వేళ లేదు, ఫోను మోగదు, ఎవరూ పిలవరు. కానీ పాలు తాగే పిల్ల ఉన్న తల్లికీ, నైట్ డ్యూటీ చేసి ఉదయం ఎనిమిదికి ఇంటికొచ్చే నర్సుకూ నాలుగు గంటల నియమం పెట్టి, అది కుదరక వాళ్ళు నేను దేవునికి దూరమైపోయాను అని కుమిలిపోయేలా చేయడం అన్యాయం. రాత్రంతా కొండమీద ప్రార్థనలో గడిపిన సందర్భం కూడా యేసు జీవితంలో ఉంది. మీ రోజులో ఎలాగూ జరిగే ఒక పని చూసుకోండి. పొద్దున టీ తాగడం, పిల్లలను స్కూలు బస్సు ఎక్కించి తిరిగి రావడం, డ్యూటీ నుంచి వచ్చి స్నానం చేయడం, ఏదైనా సరే, దాని వెంటనే ప్రార్థన అని పెట్టుకోండి. 'రోజులో ఎప్పుడో ఒకప్పుడు' అనుకుంటే కుదరదు, 'బస్సు ఎక్కించి వచ్చి, గిన్నెలు ముట్టుకోకముందు' అనుకుంటే కుదురుతుంది. పొద్దున్నే లేవాలనుకునేవాళ్ళు రాత్రి పడుకునే వేళ కూడా మార్చుకోవాలి. పన్నెండు దాకా ఫోను చూసి ఐదుకు అలారం పెట్టుకుంటే ఆ ప్రార్థన నాలుగు రోజులు మించి సాగదు.

చోటు కూడా అంతే ముఖ్యం. నీ గదిలోకి వెళ్ళి తలుపు వేసుకుని రహస్యమందున్న తండ్రికి ప్రార్థన చేయమన్నాడు ప్రభువు. రెండు గదుల ఇంట్లో ఆరుగురు ఉండే కుటుంబాలకు తలుపు వేసుకునే గది ఎక్కడిది? డాబా ఉంటే డాబా, లేదంటే వంటగదిలో ఒక మూల పీట, ఆఫీసుకు పదిహేను నిమిషాలు ముందే వెళ్ళి ఇంకా ఎవరూ రాని సీటు, హాస్టల్లో ఉంటే మెట్ల చివర. మందిరం పగలు తెరిచి ఉంటే నేరుగా అక్కడికే వెళ్ళండి, వారం మధ్యలో ఖాళీ మందిరంలో ఒక్కరే కూర్చోవడం చాలా బాగుంటుంది. రోజూ అదే చోటు అయితే కూర్చోగానే మనసుకు పని తెలుస్తుంది. బైబిలు, చిన్న నోటుబుక్కు, పెన్ను ఆ చోటులోనే ఉంచేయండి, వెతుక్కునే పని ఉండకూడదు. ఇక ఫోన్‌లో బైబిలు చదవడం తప్పేమీ కాదు గానీ, వాక్యం తెరవడానికి తీసిన ఫోన్‌లో పైన రెండు మెసేజ్‌లు కనబడితే చేయి అటే పోతుంది. ప్రార్థన వేళకు మాత్రం అచ్చు పుస్తకమే నయం. ఫోను పక్క గదిలో పెట్టండి.

ఎంతసేపు? పది నిమిషాలతో మొదలుపెట్టండి. ఎవరో సహోదరుడు గంటసేపు మోకాళ్ళ మీద ఉంటానని సాక్ష్యం చెప్పాడని మీరూ గంటతో మొదలుపెట్టకండి. పది నిమిషాలు తప్పకుండా సాగుతుంటే అది పదిహేను, ఇరవై ఎప్పుడవుతుందో మీకే తెలియదు. మోకాళ్ళ నొప్పులుంటే కుర్చీలో కూర్చోండి.

మాటలు ఎక్కడి నుంచి తెచ్చుకోవాలి

ఎక్కువమంది ఆగిపోయేది ఇక్కడే. 'ప్రభువా, ఈ దినాన్ని బట్టి స్తోత్రం, మా కుటుంబాన్ని కాపాడు, మా పిల్లలను దీవించు' అన్నాక ఖాళీ. మళ్ళీ అవే మాటలు తిరగేయడం, కాసేపటికి విసుగు. రాసి ఉన్న ప్రార్థన చదవడం, నేర్చుకున్నది చెప్పడం ఆత్మీయం కాదని కొందరు అంటారు, నేను ఒప్పుకోను. సిలువమీద యేసు నోట వచ్చిన మాటల్లో ఒకటి 22వ కీర్తన మొదటి వచనం, ఇంకొకటి 31వ కీర్తనలోది. ప్రాణం పోతున్న వేళ ఆయన నేర్చుకున్న మాటలతోనే ప్రార్థించాడు. మనకూ ఆ మాటలు ఉన్నాయి, వాడుకోవాలి.

1535లో మార్టిన్ లూథర్‌ను ఆయనకు క్షవరం చేసే పీటర్ అనే వ్యక్తి, ప్రార్థన ఎలా చేసుకోవాలో చెప్పమని అడిగాడు. అప్పటికి ఐరోపా అంతా పేరు తెలిసిన ఆ వేదపండితుడు అతని కోసమే కూర్చుని ఒక చిన్న పుస్తకం రాసిచ్చాడు. అందులో చెప్పిన పద్ధతి చాలా తేలిక: ప్రభువు నేర్పిన ప్రార్థనను ఒక్కసారిగా చదివేయకుండా ఒక్కొక్క మాట దగ్గర ఆగి, దాన్ని మన సొంత మాటల్లోకి తెచ్చుకోవడం. పది ఆజ్ఞలనూ, విశ్వాస ప్రమాణాన్నీ కూడా అలాగే చేయమన్నాడు. మధ్యలో ఒక మాట దగ్గర మనసు నిండిపోతే మిగతావి వదిలేసి అక్కడే ఉండమన్నాడు. ఇంకో హెచ్చరిక కూడా ఉంది: 'కాస్త ఆగు, ఒక గంటలో చేస్తాను, ముందు ఈ పని చూసుకోవాలి' అనే ఆలోచనను నమ్మొద్దు అని. అయిదు వందల ఏళ్ళ కింద కూడా జనం ఇలాగే వాయిదా వేసేవాళ్ళన్నమాట.

ప్రభువు నేర్పిన ఆ పరలోక ప్రార్థనను ఇలా ఆగి ఆగి చేయడం ఎలాగో కాస్త వివరంగా చెబుతాను. 'పరలోకమందున్న మా తండ్రీ' అన్నాక ఆగండి. 'మా' అన్నాం కదా, ఆ మాటలో ఇంకెవరెవరు ఉన్నారు? ఈ ఆదివారం మందిరంలో మీ వెనక వరుసలో కూర్చున్న ముసలావిడ ఉంది, మీకు పడని ఆ పెద్దాయనా ఉన్నాడు, వాళ్ళను తలుచుకోండి. 'నీ చిత్తము నెరవేరును గాక' దగ్గర, మీరు పట్టుదలగా అడుగుతున్న సంగతి ఏదైతే ఉందో, అమ్మాయి సంబంధమో ట్రాన్స్‌ఫరో, దాన్ని పేరు పెట్టి ఆయన చేతిలో పెట్టండి, అది కష్టంగా ఉంటే కష్టంగా ఉందనే చెప్పండి. 'మా అనుదినాహారము' అన్నప్పుడు ఈ నెల అద్దె, స్కూలు ఫీజు, చిట్టీ డబ్బులు అన్నీ అక్కడ చెప్పుకోవచ్చు. రోడ్డు చివర తోపుడు బండి మీద ఇడ్లీలు అమ్ముకునే అతనికి ఇవాళ బేరం బాగా జరగాలని కూడా అక్కడే అడగండి, ఎందుకంటే ఆ ప్రార్థనలో 'నా ఆహారం' అని లేదు. ఇక 'మా ఋణస్థులను మేము క్షమించియున్న ప్రకారము' దగ్గర తొందరపడి దాటిపోకండి. పొలం వాటా దగ్గర మాటా మాటా పెరిగి ఎన్నేళ్ళుగానో మాట్లాడని ఆడపడుచు ముఖం గుర్తొస్తే, ఆ పేరు పలకండి. క్షమించడం ఆ రోజు మీ వల్ల కాకపోతే 'ప్రభువా, నాకు ఇది చేతకావడం లేదు' అని చెప్పి ఆగండి, రేపు మళ్ళీ అదే చోటుకు వస్తారు. ఇంతలో పది నిమిషాలు ఎప్పుడో దాటి ఉంటాయి.

రెండో ఆసరా కీర్తనలు. నూట యాభై కీర్తనలున్నాయి, రోజుకు ఐదు చొప్పున నెలకు సరిపోతాయి. సులువైన లెక్క ఏమిటంటే, తేదీ చూసి దానికి ముప్పై కలుపుతూ పోవాలి: అయిదో తారీఖు అయితే 5, 35, 65, 95, 125. ఈ అయిదూ చదవమని కాదు, తిరగేసి మీ స్థితికి తగ్గది ఒకటి ఎంచుకుని దాన్ని నెమ్మదిగా, పైకి చదివి, అందులోని మాటలతోనే ప్రార్థించండి. ఇరవై తొమ్మిదో తారీఖున 119వ కీర్తన వస్తుంది, 176 వచనాలు, దాన్ని ముప్పై ఒకటో తారీఖుకు దాచుకోండి, లేకపోతే ఎనిమిదేసి వచనాల భాగాలుగా అప్పుడప్పుడు చదువుకోండి. ఇలా తేదీ ప్రకారం వెళ్తే ఒక మేలుంది. మనకిష్టమైన 23, 91, 121 దగ్గరే తిరగకుండా, 'యెహోవా, ఎన్నాళ్లవరకు' అని మొరపెట్టే 13వ కీర్తనా, చివరి మాట దాకా చీకటిలోనే ఉండే 88వ కీర్తనా మన దారిలోకి వస్తాయి. దేవునితో అలా కూడా మాట్లాడవచ్చని వాటిని చదివితేనే తెలుస్తుంది. స్తుతి తప్ప మరేదీ నోటి వెంట రాకూడదనుకునేవాళ్ళు తమ బాధను ఎక్కడా చెప్పుకోలేక లోపలే పెట్టుకుంటారు.

మిషనరీ హయ్యర్ గారు 1842లో గుంటూరు వచ్చి మొదలుపెట్టిన లూథరన్ సంఘాల వాళ్ళకైతే, లూథర్ ప్రశ్నోత్తరాలుగా రాసిన 1529 నాటి బోధనా పుస్తకం చిన్న కాటెకిజంలో ఉదయ ప్రార్థన, సాయంకాల ప్రార్థన కొద్ది వాక్యాల్లోనే ఉన్నాయి. ఉదయ ప్రార్థన అయ్యాక సంతోషంగా పనికి వెళ్ళమని, రాత్రి ప్రార్థన అయ్యాక వెంటనే నిశ్చింతగా నిద్రపొమ్మని అక్కడ ఉంది. ప్రార్థన చేశాక కూడా పక్క మీద టెన్షన్ పడుతూ దొర్లేవాళ్ళకు ఇది మంచి మాట.

మనసు ఎటో పోతుంటే

అందరికీ పోతుంది. గ్యాస్ బుక్ చేయాలన్న సంగతి ప్రార్థనలోనే గుర్తొస్తుంది. నోటుబుక్కులో 'గ్యాస్' అని రాసి పక్కన పెట్టేయండి, ఇక దాన్ని గుర్తుంచుకునే పని మనసుకు ఉండదు. కానీ పదే పదే వచ్చే ఆలోచన ఒకటుంటుంది, అబ్బాయి మాట వినకపోవడమో, రిపోర్టు ఏమొస్తుందో అన్న భయమో. దాన్ని తరమకండి, అసలు మీరు ఆ రోజు ప్రార్థించాల్సింది దాని గురించే. పీటర్‌కు లూథర్ అతని వృత్తినే చూపించి చెప్పాడు: కత్తి చేతిలో ఉన్నప్పుడు కళ్ళూ మనసూ కత్తి మీదే ఉండాలి, కబుర్లు చెబుతూ దిక్కులు చూస్తే ఎదుటివాడి ముక్కు తెగుతుంది, గొంతు కూడా తెగవచ్చు అని. నిద్ర ముంచుకొస్తే లేచి నడుస్తూ ప్రార్థించండి, డాబా మీద అటూ ఇటూ తిరుగుతూ పైకి మాట్లాడండి. పక్కన ఎవరైనా పడుకుని ఉంటే బైబిల్లో గొంతు వినబడకుండా ప్రార్థించిన హన్నాలాగా పెదవులు కదిపితే చాలు.

పగటిపూట సంగతి కూడా చెప్పాలి. రాజు 'నీకేం కావాలి' అని అడిగినప్పుడు నెహెమ్యా ముందు దేవునికి ప్రార్థన చేసి, ఆ వెంటనే రాజుకు జవాబు చెప్పాడు. ఒక్క ఊపిరి తీసుకునేంత సమయం ఉండి ఉంటుంది. కానీ బైబిల్లోని నెహెమ్యా గ్రంథంలో అంతకుముందు అధ్యాయం చూస్తే అతను రోజుల తరబడి ఉపవాసముండి ప్రార్థించి ఉన్నాడు. ఇంటర్వ్యూ గది ముందు, ఆపరేషన్ థియేటర్ బయట, కోపంతో ఫోన్‌లో జవాబు టైపు చేసేముందు, ఇలాంటి చిన్న ప్రార్థన నోటికి రావాలంటే పొద్దున్నది ఒకటి జరుగుతూ ఉండాలి. అంబులెన్సు చప్పుడు వింటే లోపలున్న మనిషి కోసం ఒక మాట. లిఫ్టులో ఒక మాట. ఇవి పొద్దున్నదానికి బదులు కావు గానీ, రోజంతటినీ దేవునికి దగ్గరగా ఉంచుతాయి.

ఇతరుల కోసం చేసే ప్రార్థనకు ఒక జాబితా ఉండటం మంచిది. గ్రూపులో ప్రార్థన మనవి పెట్టగానే 'ప్రార్థిస్తాము' అని, రెండు చేతులు జోడించిన బొమ్మ పెట్టి మనం ముందుకు వెళ్ళిపోతాం. ఆ మాట టైపు చేసేముందే, ఉన్నచోటే, పేరు పలికి ఒక వాక్యం ప్రార్థించండి, తర్వాత టైపు చేయండి. ఎక్కువకాలం ప్రార్థించాల్సినవి నోటుబుక్కులో తేదీ వేసి రాయండి. అన్నీ ఒకే రోజు మోయలేరు, సోమవారం అమ్మగారి వైపు, మంగళవారం అత్తగారి వైపు, బుధవారం పాస్టర్ గారు, సంఘం, ఇలా పంచుకోండి. జవాబు వస్తే పక్కన రాయండి.

జవాబు ఆలస్యమవుతుందని పేర్లు కొట్టేయకండి. ఒంగోలులో ప్రార్థన కొండ గురించి బాప్టిస్టు సంఘాల వాళ్ళందరూ వినే ఉంటారు. 1854 జనవరి 1న తెల్లవారుజామున మిషనరీ లైమన్ జూయెట్ గారు, ఆయన భార్య, వాళ్ళతోపాటు తెలుగు విశ్వాసులు కొందరు ఆ కొండెక్కి, ఈ ఊరికి సేవకుణ్ణి పంపమని ప్రార్థించారు. ఆ సేవకుడిగా మిషనరీ జాన్ క్లౌ గారు ఒంగోలు వచ్చింది 1866లో. మధ్యలో పన్నెండేళ్ళు. 1878 జూలై 3న గుండ్లకమ్మ ఒడ్డున ఒక్కరోజులో 2222 మంది బాప్తిస్మం తీసుకున్న సంగతే అందరం చెప్పుకుంటాం, నాకు మాత్రం ఆ పన్నెండేళ్ళే ఎక్కువ గుర్తుంటాయి.

తప్పిపోయిన రోజులు

ఊరెళ్ళారు, జ్వరం వచ్చింది, పెళ్ళిపనులు, వారం తప్పిపోయింది. బాకీ తీర్చడానికి ప్రయత్నించకండి. తప్పిన కీర్తనలన్నీ ఒక్కరోజు చదవాలనుకుంటే మళ్ళీ మొదలుపెట్టడానికే భయమేస్తుంది. ఇవాళ తారీఖు ఎంతో చూసి ఇవాళ్టిది తెరవండి. ఆ రోజు ప్రార్థన చాలా చిన్నదైనా ఫరవాలేదు, యేసు చెప్పిన కథలో సుంకరి, అంటే పన్ను వసూలు చేసేవాడు, చేసిన ప్రార్థన, 'దేవా, పాపినైన నన్ను కరుణించుము', ఒక్క వాక్యమే కదా.

కొన్నాళ్ళు ఏ అనుభూతీ ఉండదు. మాటలు పైకప్పుకు తగిలి కింద పడుతున్నట్టు అనిపిస్తుంది. ఆ రోజుల్లో సొంత మాటల కోసం తంటాలు పడకండి, పరలోక ప్రార్థన, ఒక కీర్తన, అంతటితో లేవండి. మనిషి పోయిన ఇంట్లోనైతే అది కూడా చేతకాదు. అలాంటి ఇంటికి వెళ్ళినప్పుడు 'బాగా ప్రార్థన చేసుకోండమ్మా' అనకండి, దయచేసి. పక్షవాయువు గలవాణ్ణి నలుగురు యేసు దగ్గరికి మోసుకొచ్చారు, ఆ పని ఇప్పుడు మనది, వాళ్ళ తరఫున మనమే ప్రార్థించాలి. ఉచ్చరించలేని మూలుగులతో ఆత్మ తానే విజ్ఞాపన చేస్తాడని రోమా పత్రిక ఎనిమిదో అధ్యాయంలో ఉన్నది ఇలాంటివాళ్ళ కోసమే. ఇంకో సంగతి, వారాల తరబడి నిద్ర పట్టక, తిండి సయించక, బతకాలని లేదనిపిస్తుంటే అది ప్రార్థన తగ్గినందువల్ల అని మీమీద మీరు నింద వేసుకోవద్దు. ఆలస్యం చేయకుండా డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మందులు వేసుకుంటూ ప్రార్థన చేసుకోవచ్చు, అందులో అవిశ్వాసం ఏమీ లేదు.

కుటుంబ ప్రార్థన

ఇది ఏకాంత ప్రార్థనకు బదులు కాదు, తోడు. భోజనాలయ్యాక పది నిమిషాలు: అందరికీ వచ్చిన పాట ఒక చరణం, నాలుగు వచనాలు, ఒక్కొక్కరు ఒక్కొక్క వాక్యం, చివర అందరూ కలిసి పరలోక ప్రార్థన. నాన్న ఒక్కడే ఇరవై నిమిషాలు ప్రార్థిస్తే పిల్లలు నిద్రపోతారు, అది వాళ్ళ తప్పు కాదు. చిన్నవాడు 'మా టామీ కుక్క కాలు తగ్గాలి' అంటే నవ్వకండి, మర్నాడు దాని కాలు ఎలా ఉందో గుర్తుపెట్టుకుని అడగండి. ముఖ్యంగా ఒకటి: ప్రార్థనలో పిల్లలను తిట్టకండి. 'ప్రభువా, వీడికి చదువు మీద శ్రద్ధ లేదు, ఫోను పిచ్చి పట్టింది, వీడికి బుద్ధి దయచేయి' అని వాడు వింటుండగా ప్రార్థిస్తే, వాడికి అది దేవునితో మాట్లాడినట్టు వినబడదు, తనను అందరి ముందూ దోషిగా నిలబెట్టినట్టు వినబడుతుంది. ఆ మాట మీ ఏకాంతంలో చెప్పుకోండి. వాడి ముందు వాడి గురించి దేవునికి కృతజ్ఞతలు చెప్పండి.

ఇంట్లో మనిషి దూరంగా ఉంటే ఫోన్‌లో కలుపుకోండి. కోనసీమ నుంచీ కడప నుంచీ కువైట్ వెళ్ళి ఇళ్ళల్లో పనిచేసే అమ్మలున్నారు, అక్కడి టైము మనకంటే రెండున్నర గంటలు వెనక. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నర అంటే అక్కడ సాయంత్రం ఆరు, చాలా ఇళ్ళల్లో పని తెమలని వేళ. అందుకే వేళ ఆమెను అడిగి పెట్టండి, ఇక్కడివాళ్ళ వీలు చూసి కాదు. రోజూ కుదరకపోతే శుక్రవారం ఒక్కరోజైనా సరే. ఆమెకు మాట్లాడే వీలు లేకపోతే ఫోను స్పీకర్‌లో పెట్టి పిల్లలు కీర్తన చదవాలి, ఆమె వింటుంది. ఆమె పేరు చెప్పి, ఆమె పనిచేసే ఇంటివాళ్ళ కోసం కూడా పిల్లలచేత ప్రార్థన చేయించండి.